చప్పుడు లేని గదిలో గ్రీకు పాఠం

కలిమేరా, అంటుంది చెవుల్లో పాఠం చెప్పే ఆవిడ. కలిమేరా, అని ఈమె తిరిగి అప్పజెబుతుంది, ఎదురుగా ఉన్న గాజు కిటికీలో తన పెదాలు తనే చూసుకుంటూ. శుభోదయం అని అర్థం. బయట ఎండ నడినెత్తికొచ్చినా పాఠంలో ఆవిడకి మాత్రం ఎప్పుడూ తెల్లవారుతూనే ఉంటుంది. తి కానెతె, ఎలా ఉన్నారు. కలా, బాగున్నాను. బాగున్నానని చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ పాఠంలో బాగాలేనివాళ్ళు ఎవ్వరూ ఉండరు. అందరూ కాఫీ తాగుతారు, రేవు ఎక్కడుందని అడుగుతారు, ఎండ బాగా కాసిందని సంబరపడతారు, ఏ ఒక్కరూ చచ్చిపోరు. పూ ఈనె తో లిమాని, రేవు ఎక్కడ. కుడివైపు తిరిగి నేరుగా వెళ్ళండి. వెళ్తాం తల్లీ, ఎల్లుండే ప్రయాణం, అమ్మా నేనూ. ఇది చెవుల పరీక్ష గది. గోడలకి మందపాటి స్పాంజీ, తలుపు వేస్తే ఫ్రిజ్ తలుపులా మెత్తగా బిగుసుకుంటుంది, లోపల ఒక కుర్చీ, ఒక హెడ్‌ఫోను, తీగ చివర ఒక బొత్తం. మామూలుగా ఆమె చోటు గాజుకి అవతల, మిషన్ దగ్గర. ఆస్పత్రిలో అందరూ ఆమెని చెవుల మేడమ్ అంటారు. ఈ మధ్య భోజనాల వేళ చెవుల మేడమ్ డబ్బా గబగబా ఖాళీ చేసి ఈ గదిలో దూరి తలుపేసుకుంటోంది, ఇక్కడైతే ఎంత వంకరగా పలికినా నవ్వేవాళ్ళు లేరు కనక. ఇవాళ మాత్రం చెవి పాఠం మీద ఉన్నా కన్ను గాజు మీదే ఉంది. పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే అమ్మ వెనకనించి వచ్చి, "మధ్యాహ్నం మీ ఆస్పత్రికొస్తా, ఉంటావుగా" అంది. ఎందుకమ్మా అంటే, "వచ్చాక చెబుతాలే" అంది. ఆ మాట అన్నప్పటినుంచీ ఆమెకి ఒకటే ఆలోచన. అమ్మకి ఎవరైనా చెప్పేశారా, ఎవరు చెబుతారు, చెప్పాల్సినవాడు ఓడ ఆఫీసాయన ఒక్కడే, ప్రయాణానికి తోడొస్తానంటే అతన్ని తను రావద్దంది కదా.

నెరో, పరకలో. నీళ్ళు, దయచేసి. చేతికి ఊరికే బొత్తం తగిలింది, పట్టుకుంది. ఈ బొత్తం మీద ఎన్ని వేళ్ళు అబద్ధమాడాయో ఆమెకి తెలుసు. వినపడితే నొక్కండి, వినపడకపోతే ఊరుకోండి, చెప్పేది అంతే కదా, అయినా చాలామంది వినపడకుండానే నొక్కేస్తారు. పరీక్ష తప్పుతామేమోనని చిన్నపిల్లల భయం, బయట కొడుకో కోడలో చూస్తున్నారని సిగ్గు. తెలివైనవాళ్ళు ఇంకో పని చేస్తారు, గాజులోంచి ఆమె చేతినే కనిపెట్టి చూస్తుంటారు, ఆ చెయ్యి మిషన్ మీద కదలగానే ఇటు నొక్కేస్తారు. అందుకే కుర్చీని కాస్త పక్కకి తిప్పి పెడుతుంది. ఎవర్నీ ఏమీ అనదు. కాసేపు అసలు చప్పుడే పంపకుండా ఊరుకుని, అయినా నొక్కుతూనే ఉంటే, కంగారేం లేదండీ మళ్ళీ చేద్దాం, అంటుంది. అలాంటప్పుడు వాళ్ళ మొహాన ఒక నవ్వు ఉంటుంది, అన్నీ అర్థమైనట్టు, అంతా బాగున్నట్టు. ఆ నవ్వు ఆమెకి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు, అది అమ్మ నవ్వు. ఎదటివాళ్ళ మాట పూర్తయ్యేలోపే అమ్మ తల ఊగేది. ఊ, ఆహా, అలాగే, సరే బాబూ. ఊ కొట్టడంలో అమ్మని మించినవాళ్ళు లేరు. పెదాలు కనపడితే చాలు, ఏ లోటూ లేకుండా కబుర్లాడేది, ఎదటి మనిషి మొహం తిప్పుకున్నాడో ఇక అన్నీ అలాగేలే. ఓసారి పక్కింటావిడ గోడ అవతలనించి తన అత్తగారు పోయారని చెబితే, "చాలా సంతోషం, చల్లని కబురు చెప్పావు" అంది. పక్కింటావిడ నెల్లాళ్ళు మాట్లాడలేదు. తమ్ముడు ఆ ఇద్దరి గొంతులూ పెట్టి ఆ ముచ్చట చేసి చూపిస్తుంటే ఇల్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది, అమ్మ అందరికన్నా గట్టిగా నవ్వేది. ఇప్పుడా ముచ్చట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఎహో ఎనన్ అదెల్ఫో, అంటుంది ఆవిడ హుషారుగా. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. కుటుంబం పాఠం ఇది. నా తమ్ముడు పొడుగు. నా తమ్ముడికి సముద్రం ఇష్టం. ఎవరు రాశారో ఈ పాఠం, ఎక్కడ కూచుని రాశారో, ఎవరి చెవుల్లో పడుతుందో తెలియకుండా రాసుంటారు. ఉన్నాడు అనడం నేర్పింది కానీ ఉండేవాడు అనడం ఇంకా నేర్పలేదు, అది ముందుముందు వస్తుందట. ఇంట్లో వాణ్ణి పిల్లి అనేవాళ్ళు, నడిస్తే చప్పుడయ్యేది కాదు. వెనకనించి వచ్చి జడ లాగేదాకా వచ్చాడని తెలిసేది కాదు. అమ్మకి వాడి నడకంటే మహా ఇష్టం. "వీడి అడుగు నాకే కాదు, మీకెవరికీ వినపడదు" అని మురిసిపోయేది, వాడి దగ్గరే అమ్మ చెవులు అందరి చెవులతో సమానమయ్యేవి. వాడు మాత్రం అమ్మ గదిలోకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి మడమతో నేలని దబదబా తన్నేవాడు. చప్పుడు వినపడకపోయినా అదురు అమ్మ పాదాలకి తెలిసేది, కూచున్నచోటే, "వచ్చావురా" అనేది తల తిప్పకుండా. లోకమంతటికీ పిల్లి, అమ్మకి మాత్రం ఏనుగు. ఓడలో కరెంటు పనికి చేరాక సెలవుకి వచ్చిన ప్రతిసారీ ముందు ఆ దబదబే, తర్వాతే సంచీ దించడం. అమ్మకిప్పటికీ పక్కింట్లో ఏదైనా బరువు పడితే పాదాలు ఉలిక్కిపడతాయి, చూసింది ఆమె, అమ్మ ఏమీ కానట్టు నటిస్తే తనూ చూడనట్టు నటించింది.

ఆ రోజు ఆమె పనినించి ఇంటికొచ్చేసరికి అమ్మ తమ్ముడి పరుపు ఎండలోంచి లోపలికి మోసుకొస్తోంది. ఏంటమ్మా హడావిడి అంటే, మొహం ఇంత చేసుకుని, "ఓడ ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారు, ఎంత మర్యాదగా మాట్లాడారనుకున్నావ్, అమ్మగారూ అమ్మగారూ అంటూ. వాడు కులాసాగా ఉన్నాడంట, వస్తున్నట్టే ఉంది" అంది. వస్తున్నట్టే ఉంది ఏమిటి, వస్తున్నాడా, అని ఆమె అడగలేదు. అడగాల్సింది. చెవుల మేడమ్ కదా, ఫోన్‌కి పెదాలుండవని తెలియని మనిషా. అడగకుండా దుప్పటి రెండో అంచు పట్టుకుని పరుపు మీద పరిచింది, దిండుకి కొత్త గలేబు తొడిగింది, అమ్మ ఆ రాత్రి రోజూ కన్నా ఎక్కువ తింది, తనూ తింది. ఎంత ఆకలేసిందో ఆ రాత్రి. ఆ ముద్దలు ఇప్పుడు గొంతులో అడ్డం పడుతుంటాయి, ఇప్పటికి మూడేళ్ళయినా. అమ్మ ముద్దకీ ముద్దకీ మధ్య ఆగి, వాడొచ్చాక గదికి రంగు వేయిద్దామంటోంది. ఆ గంటకి వాడు ఎక్కడో ఏదో ద్వీపంలో, తనవాళ్ళెవరూ లేని ఆస్పత్రిలో, తెల్ల దుప్పటి కింద ఉన్నాడు. జ్వరమొచ్చిందని, ఊపిరితిత్తులకి పాకిందని, ఓడ వాణ్ణి రేవులో దించి వెళ్ళిపోయిందని, ఇవన్నీ తర్వాత తెలిశాయి. వారం ఫోను రాకపోతే ఆమే ఆఫీసుకి చేసింది. అవతల ఆఫీసాయన తెల్లబోయాడు. అదేంటండీ, మేం చెప్పాం కదా, అన్నాడు. తీసుకురావడానికి చాలా రోజులు పట్టేలా ఉంది, అక్కడే భూమిలో పెట్టించమంటారా అని అడిగాం, అమ్మగారు చాలా ధైర్యవంతులండీ, అంత మాట విని గొంతు కూడా వణకలేదు, సరే బాబూ, మీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యండి, అన్నారు.

ఎఫ్‌హరిస్తో, కృతజ్ఞతలు. పరకలో, పర్వాలేదు. దయచేసి అన్నా అదే మాట, పర్వాలేదన్నా అదే మాట, బాగానే సర్దుకున్నారు వీళ్ళు. అమ్మకి ఏం చెప్పాలో ఆమె సర్దుకోవడానికి మాత్రం ఆ రోజంతా పట్టింది. తమ్ముడు పోయాడని చెప్పాలి, అది తప్పదు, దాన్ని మించిన మాట ఎలాగూ లేదు. ఆ రోజు వచ్చిన ఫోను ఆ కబురు చెప్పడానికేనని మాత్రం చెప్పలేదు. వాళ్ళు మనల్ని అడగలేదమ్మా, వాళ్ళంతట వాళ్ళే చేసేశారు, అంది, అమ్మకి ఎదురుగా కూచుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ. అంత స్పష్టంగా జీవితంలో ఏ అబద్ధమూ చెప్పలేదు. అమ్మ చాలాసేపు ఆ పెదాలనే చూసింది, ఇంకేమైనా రాలుతుందేమోనని. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. కన్నతల్లి మొహం చూడకుండా మట్టి కప్పినవాళ్ళ చేతులు పడిపోవాలని, వాళ్ళ ఇళ్ళల్లో దీపం వెలగకూడదని, రోజుల తరబడి, బట్టలు మడతపెడుతూ, గిన్నెలు తోముతూ. ఆ తిట్లు పూర్తయ్యేదాకా ఆమె తల వంచుకుని ఏదో ఒక పని చూసుకునేది. ఏం మాట కలుపుతుంది, ఆఫీసాయన చేసిన తప్పేమిటి, అడిగాడు, సరే అన్నారు, చేశాడు. కొన్నాళ్ళకి తిట్లు ఆగిపోయాయి. ఫోను మాత్రం అమ్మ బీరువా పైకి ఎక్కించేసింది, దాని మోత తలనొప్పి అంది. వినపడని మోతకి తలనొప్పి ఏమిటని ఆమె అనలేదు, దుఃఖంలో మనిషి ఏదైనా అంటుందనుకుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ ఆఫీసునించే కబురు. ఆ ద్వీపంలో స్థలం తక్కువట, భూమిలో పెట్టినవాళ్ళని కొన్నేళ్ళకి బయటికి తీస్తారట, ఎముకలు కడిగి చిన్న పెట్టెలో పెడతారట, అయినవాళ్ళు వస్తే వాళ్ళ చేతికే ఇస్తారట. అమ్మ ఆ మాట విన్న వెంటనే, విన్నదంటే పెదాల మీద చూసిన వెంటనే, "నేనొస్తా" అంది. ఆఫీసాయన మంచివాడు, పాపం, నేనూ తోడొస్తానండీ, వాళ్ళ భాష నాకొచ్చు, అమ్మగారిని కూడా ఓసారి కళ్ళారా చూసినట్టుంటుంది, ఆ రోజు ఆవిడ మాట్లాడిన తీరు నేను మర్చిపోలేను, అన్నాడు. ఆమెకి అక్కడ జరగబోయేది కళ్ళకి కట్టింది. అమ్మ ఎదురుగా నిలబడి, పెదాలు విప్పి, ఆ రోజు మీరు సరే అన్నారు కదమ్మా అంటాడు, ఆ పెదాల మీది మాట అమ్మ ఒక్క అక్షరం పోకుండా చదువుతుంది, అక్కడ, తవ్విన గొయ్యి పక్కన. వద్దండీ, నాకు ఆ భాష వచ్చు, అనేసింది. రాదు. అలా అన్నాక నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ మధ్యలో ఉండకూడదు, అక్కడివాళ్ళు ఏం చెప్పినా తనే విని తనే అమ్మకి చెప్పాలి, చెప్పాల్సింది చెప్పి చెప్పకూడనిది మింగాలి. అందుకు ఎంత గ్రీకు కావాలో అంత. ఆమె దగ్గర చెవి మిషన్ వేయించుకునే ఓడ తాత ఒకాయన ఉన్నాడు, వయసులో గ్రీకు ఓడల మీద వంట చేశాడు, ఆయన్ని అడిగితే మురిసిపోయి నేర్పడానికి కూచున్నాడు. ఆయనకొచ్చిన గ్రీకంతా ఉప్పెక్కువైంది, కప్తాను కోపంగా ఉన్నాడు, పక్కకి తప్పుకో. పైగా ఈమె పలికింది ఆయనకి సరిగ్గా వినపడదు, ఏం పలికినా భేష్ అంటాడు. ఒక్కటి మాత్రం పనికొచ్చేది చెప్పాడు. సిగా సిగా, అన్నాడు, నెమ్మదిగా, నెమ్మదిగా. సరుకు దించేటప్పుడు అనేవాళ్ళం అమ్మాయ్, పగిలేవి ఉంటే. ఆమె ఆ మాట దాచుకుంది. గడ్డపార పట్టుకున్నవాడితో అనాలి, సిగా సిగా, నాయనా, అక్కడే ఎక్కడో వాడి మడమలుంటాయి.

నె అంటే అవును, ఓహి అంటే కాదు, అంటోంది ఆవిడ, ఇది మొదటి పాఠంలోదే, మళ్ళీ వల్లె వేయిస్తోంది. నె. ఎంత చిన్న మాట, నోరు తెరవకముందే జారిపోతుంది. అడగడం ఆమెకి వచ్చేసింది, ఏం లాభం, అవతలివాళ్ళు గడగడా బదులిస్తే అందులో పట్టుబడేది నాలుగో వంతు. ఆ మిగతాది అందనప్పుడు తనేం చేస్తుంది. తల ఊపుతుంది. నె, నె, ఎఫ్‌హరిస్తో. మొహాన ఆ నవ్వు వస్తుంది, గాజులో చూసుకుంది, వచ్చేసింది కూడా, అచ్చం అమ్మ నవ్వు, తన మొహానికి అతికినట్టు సరిపోయింది. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఈ గదిలో ఏడిస్తే సొంత ఏడుపు సొంత చెవికే వింతగా, దగ్గరగా, పక్కన ఇంకెవరో ఏడుస్తున్నట్టు ఉంటుంది, అందుకని ఆపేసింది. కళ్ళు తుడుచుకుని తలెత్తితే గాజుకి అవతల అమ్మ నిలబడి ఉంది.

ఎప్పుడొచ్చిందో. బయటికెళ్ళేటప్పటి బట్టలు, చేతిసంచీ రెండు చేతుల్తో పట్టుకుని, పిల్లల్ని బడిలో చేర్పించడానికి వచ్చినట్టు. ఆమె హెడ్‌ఫోను తీసి తలుపు తెరిచింది. అమ్మ లోపలికొచ్చి, ఎవరూ కూచోమనకుండానే కుర్చీలో కూచుంది.

"తలుపేసి పరీక్ష చెయ్యి" అంది.

"ఇప్పుడేంటమ్మా, ఎల్లుండి ప్రయాణం పెట్టుకుని."

"అందుకే చెయ్యమంటున్నా."

ఆమె ఇంకేం అడగలేకపోయింది. అమ్మ చెవులకి హెడ్‌ఫోను తగిలించింది, తెల్లజుట్టు అందులో చిక్కుకుంటే వేలితో వెనక్కి తీసింది, బొత్తం చేతికిచ్చింది, తలుపు బిగించి ఇవతలికొచ్చింది. చాలా ఏళ్ళ కిందట అమ్మ ఒకే ఒక్కసారి ఇదే కుర్చీలో కూచుంది, ఆ రోజు ఆమె చేతినే చూస్తూ టపటపా నొక్కేసి, "చూశావా, నాకన్నీ వినపడతాయి, చెవిటిదాన్నని మెడలో బోర్డు కట్టుకు తిరగాలా" అని చరచరా వెళ్ళిపోయింది. ఇవాళా కుర్చీని పక్కకి తిప్పడం ఆమె మర్చిపోయింది. ముందు పెద్ద చప్పుడు పంపింది. అమ్మ నొక్కింది. కాస్త తగ్గించి పంపింది. అమ్మ గాజులోంచి ఆమె చేతినే చూస్తోంది, చెయ్యి కదలడం చూసింది, చూసిందని ఆమెకీ తెలుసు. బొత్తం మీద వేలు కదల్లేదు. మొహాన ఆ నవ్వు లేదు. ఇంకోటి పంపింది. వేలు కదల్లేదు.

"నువ్వు నొక్కావు, నేను చూశాను" అంది అమ్మ లోపలనించి, ఇవతల స్పీకరు అదిరేలా, చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా. "నాకు వినపడలేదు."

ఆమె పుట్టి ఇన్నేళ్ళయింది, ఆ మాట అమ్మ నోట వినడం ఇదే మొదలు. పక్కింటావిడకి చెప్పని మాట, కూరలవాడికి చెప్పని మాట, కన్నకూతురికి చెప్పని మాట. అమ్మ చేతిసంచీ ఒళ్ళో సర్దుకుంది.

"నాకొక మిషన్ ఇవ్వు, పెట్టుకుంటా. ఇంకోటి, నువ్వు రోజూ ఇంట్లో పెదాలు కదుపుతూ వల్లె వేస్తున్నావే, ఆ భాషలో నాకు ఒక్క మాట నేర్పు."

ఆమె మైకు దగ్గరికి వంగింది. "ఏ మాట?"

"వినపడలేదు, మళ్ళీ చెప్పండి అనడానికి వాళ్ళు ఏమంటారు? అక్కడ ఎవరు నన్ను ఏమడిగినా ముందు ఆ మాటే అంటాను. ఆ రోజు మన భాషలోనే నాకా మాట నోటికి రాలేదు."

గాజుకి రెండు వైపులా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. "ఎప్పుడు తెలిసిందమ్మా?"

"నేను వాళ్ళని అన్నన్ని తిట్లు తిడుతుంటే నువ్వు ఒక్క మాట కలపలేదు" అంది అమ్మ. "నీ తమ్ముణ్ణి అలా చేసినవాళ్ళని నువ్వెందుకు తిట్టవు? రెండ్రోజులు ఆలోచించాను. తర్వాత ఆ పరుపు ఎండలో వేసిన రోజు వచ్చిన ఫోను గుర్తొచ్చింది. నువ్వు దాచుకుంటున్నావు కదా అని నేనూ ఊరుకున్నాను."

మూడేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకరికోసం ఒకరు తెలియనట్టు ఉన్నారు. ఫోను బీరువా పైకి ఎందుకెక్కిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. లేచి లోపలికెళ్ళి అమ్మని పట్టుకుందామనుకుంది, కానీ అమ్మ చెయ్యెత్తి, అక్కడే ఉండు అన్నట్టు ఆపింది. తర్వాత కళ్ళు మూసుకుంది. పెదాలు చూడకూడదని, చెవితోనే పట్టాలని.

ఆమె మైకుని నోటికి దగ్గరగా తీసుకుంది. "దెన్ ఆకుసా" అంది. "పాలి."

అమ్మ కళ్ళు మూసుకునే, మొహం కాస్త ముందుకు చాచి, బొత్తాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకుని చాలాసేపు కూచుంది. నవ్వలేదు. తల ఊపలేదు.

"వినపడలేదు" అంది. "మళ్ళీ చెప్పు."

ఆమె చప్పుడు పెంచి, మళ్ళీ చెప్పింది.